ప్రభుత్వ వ్యయానికి లెక్క అడిగేదెవరు? – కాగ్ తనిఖీ, బెళ్ళందూరు వాననీటి కాలువలు

2022 సెప్టెంబరు మొదటి వారపు వర్షాలకు బెళ్ళందూరు పరిసరాలు, ఔటర్ రింగ్ రోడ్డు నీట మునిగినప్పుడు సాఫ్ట్‌వేరు ఉద్యోగులు ట్రాక్టర్లపై కార్యాలయాలకు చేరవలసి వచ్చింది. ఆ నీటికి దారి ఎందుకు లేకపోయిందో తెలిపే నివేదిక అంతకు ముందు సంవత్సరమే, అనగా 2021లో, కర్ణాటక శాసనసభ ముందుకు వచ్చి ఉన్నది. బెంగళూరు నగర ప్రాంతంలో వాననీటి నిర్వహణపై కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్, సంక్షిప్తంగా కాగ్, సమర్పించిన నివేదిక అది.

ఆడిటు అనగానే ఓచర్లు, రసీదులు, కూడికలు గుర్తుకు వస్తాయి. ఈ తనిఖీ అంతటితో ఆగలేదు. 1900ల తొలినాళ్ల పటాలను 2016-17 నాటి స్థితితో పోల్చి చూసింది. కోరమంగళ లోయలో 113.24 కిలోమీటర్లుగా ఉండిన కాలువల పొడవు 62.84 కిలోమీటర్లకు, వృషభావతి లోయలో 226.29 కిలోమీటర్లది 111.72 కిలోమీటర్లకు తగ్గినట్లు తేల్చింది. కోరమంగళ లోయ నీరు దిగివచ్చేది బెళ్ళందూరు చెరువులోనికే. కాలువల మరమ్మతుకు ఎంత వెచ్చించారన్నది ఒక ప్రశ్న. మరమ్మతు చేయవలసిన కాలువ అసలు మిగిలి ఉన్నదా అన్నది అంతకంటె పెద్ద ప్రశ్న. పథకం ఆశించిన ఫలితమిచ్చిందా అని ఈ విధంగా పరిశీలించడాన్నే పనితీరు ఆడిటు అంటారు.

తన లెక్కను తానే సరిచూచుకొనేవాడు రాసేవి కాకిలెక్కలే కావచ్చు. అందుకే రాజ్యాంగం 148వ అధికరణం కాగ్‌ను ప్రభుత్వానికి వెలుపల నిలిపింది. నియమించేది రాష్ట్రపతి, తొలగించాలంటే సుప్రీంకోర్టు న్యాయమూర్తిని తొలగించే పద్ధతినే అనుసరించాలి. పదవీవిరమణ తరువాత కేంద్రంలో గాని రాష్ట్రాలలో గాని మరే ప్రభుత్వ పదవిని స్వీకరించరాదు. రేపటి పదవిపై ఆశ ఉంటే నేటి కలం మెత్తబడుతుందని రాజ్యాంగ నిర్మాతలు గ్రహించారు కాబోలు. ఈ అధికారి విధులు న్యాయవ్యవస్థ విధుల కంటె ముఖ్యమైనవని అంబేడ్కర్ రాజ్యాంగ సభలో అభిప్రాయపడ్డారు. 2024 నవంబరులో ఈ పదవిని చేపట్టిన కె. సంజయ్ మూర్తి అమలాపురానికి చెందిన తెలుగు కుటుంబంవారు.

తనిఖీ బృందం దస్త్రాలు, టెండర్లు, పనుల కొలతల పుస్తకాలు రప్పించుకొంటుంది. అవసరమైనచోట శాఖాధికారులతో కలిసి స్థలాన్ని పరిశీలిస్తుంది. అభ్యంతరాలపై శాఖ వివరణ తీసుకొన్న పిదప నివేదికకు తుదిరూపం ఇస్తారు. రాష్ట్రానికి సంబంధించిన నివేదిక 151వ అధికరణం ప్రకారం గవర్నరుకు, వారి ద్వారా శాసనసభకు చేరుతుంది. సభ తరఫున ప్రజా పద్దుల సంఘం దానిని చేపట్టి, అధికారులను పిలిపించి ప్రశ్నిస్తుంది.

కాగ్‌కు శిక్షించే అధికారం లేదు. సొమ్మును తిరిగి రాబట్టే అధికారమూ లేదు. చెప్పడమే దాని పని, అడగడం సభ పని. ఆలస్యం మరొక లోపం: 2016-17 నాటి కాలువల స్థితి సభకు తెలిసింది 2021లో. పైగా 2025 సెప్టెంబరులో బృహత్ బెంగళూరు మహానగర పాలికె స్థానంలో ఐదు నగరపాలక సంస్థలు ఏర్పడ్డాయి; బెళ్ళందూరు తూర్పు సంస్థలో చేరింది. పాత పాలికెకు వేసిన ప్రశ్నలకు జవాబుదారు ఎవరన్నది స్పష్టంగా ఉండవలసిన అవసరం ఇప్పుడు మరింత పెరిగింది.

అద్దె ఇంటివారికి ఈ లెక్కలతో పనిలేదనుకోవడం పొరపాటు. ఇంటి యజమాని చెల్లించే ఆస్తిపన్ను అద్దెలో కలిసే ఉంటుంది. కొనే చాలా వస్తువులపై జీఎస్‌టీ ఉన్నది. ఆంధ్ర, తెలంగాణ పల్లెల నుండి వచ్చినవారికి ఉపాధి హామీ పనుల సామాజిక తనిఖీ పరిచితమే. అక్కడ మస్టరును గ్రామసభలో చదివి వినిపించేవారు. ఇక్కడ పౌరుడే వెదకి చదువుకోవాలి. కాగ్ వెబ్‌సైటులో కర్ణాటక నివేదికలను ఉచితంగా చదువవచ్చు. శాసనసభకు నివేదిక చేరిన తరువాత ఏ చర్య తీసుకొన్నారో సమాచార హక్కు చట్టం కింద సంబంధిత శాఖను అడుగవచ్చు. నివేదిక పొడవు చూసి వెనుకాడనక్కరలేదు; మొదట్లోని సారాంశం చదివి, తమ ప్రాంతపు పేరున్న పేరాలకు వెళ్ళి, అక్కడ శాఖ ఇచ్చిన సమాధానాన్ని, దానిపై ఆడిటు వ్యాఖ్యను పక్కపక్కన పెట్టి చూస్తే చాలు.