ఎంజైమ్ సీసా చేతికొస్తే

"టోలుయిన్‌లో వేస్తే ఎంజైమ్ చచ్చిపోదా సార్?" జీడిమెట్లలోనైనా పరవాడలోనైనా, ప్రాసెస్ ఆర్‌అండ్‌డీలో చేరిన కుర్రాళ్లు మొదట అడిగేది ఇదే. బ్యాక్టీరియా సంగతీ ఎంజైమ్ సంగతీ కలిపేసుకోవడం వల్ల వచ్చే భయమిది.

మామూలు బ్యాక్టీరియా కొద్దిపాటి టోలుయిన్‌కే చస్తుంది. 1989లో జపాన్‌లో ఇనౌయే, హోరికోషి మాత్రం సగానికి పైగా టోలుయిన్ ఉన్నా పెరిగే సూడోమోనాస్ పుటిడాను చూపించారు. ఇలాంటి బ్యాక్టీరియా కణపు పొరలోని కొవ్వు ఆమ్లాలను మార్చుకుని గట్టిపడుతుంది, లోపలికి దూరిన సాల్వెంట్‌ను పంపులతో బయటికి తోస్తుంది. అంతమాత్రాన అందులోని ప్రతి ఎంజైమూ టోలుయిన్‌కు ఓర్చుకుంటుందని కాదు. నీళ్లు తోడిపోస్తున్న పడవలో అందరికీ ఈత వచ్చి ఉండదు కదా.

ఎంజైమ్‌కి కావలసింది తనను అంటుకున్న పల్చటి నీటి పొర. అందుకే హెక్సేన్ కన్నా మిథనాల్‌కే ఎక్కువ భయపడాలి. నీళ్లలో కలిసిపోయేది కాబట్టి ఆ పొరను లాగేసుకుంటుంది. సాల్వెంట్ ఎంచేముందు లాగ్ పి (నీటికన్నా నూనెవైపు ఎంత మొగ్గుతుందో చెప్పే అంకె) చూడండి. 4 దాటితే సాధారణంగా ఇబ్బంది లేదు, 2 లోపైతే కష్టం. మధ్యలోవి చేసి చూస్తే తప్ప తెలియవు, టోలుయిన్ కూడా అందులోదే. ఇది లెక్క మాత్రమే, శాసనం కాదు: సిటాగ్లిప్టిన్ కోసం మెర్క్, కోడెక్సిస్ మార్చి తయారుచేసిన ట్రాన్సమినేజ్ 50 శాతం డీఎంఎస్‌ఓలో పనిచేస్తుంది.

బెంచి దగ్గర చాలా బ్యాచ్‌లు పోయేది నీటి లెక్క తప్పడం వల్లే. లైపేజ్‌తో ఎస్టర్ చేస్తున్నప్పుడు నీరు పుడుతుంది. అది పేరుకుంటే రియాక్షన్ వెనక్కి నడుస్తుంది. మరీ ఆరబెడితే ఎంజైమ్ బిగుసుకుపోతుంది. కాబట్టి హెచ్‌పీఎల్‌సీ శాంపిల్‌తో పాటు కేఎఫ్ (కార్ల్ ఫిషర్ నీటి పరీక్ష) కూడా పెట్టండి. ఎంజైమ్ లేకుండా ఒక బ్లాంక్ తప్పనిసరి. అది చేయకుండా కన్వర్షన్ చూసి మురిసిపోయినవాళ్లను చాలామందిని చూశాను, నాతో కలిపి.

క్యాల్-బి లైపేజ్ పూసలైతే మ్యాగ్నెటిక్ స్టిర్రర్ వద్దు. రాత్రి పెట్టి వెళ్తే తెల్లారేసరికి పిండైపోయి, ఫిల్టర్ మూసుకుపోతుంది. ఓవర్‌హెడ్ స్టిర్రర్‌తో నెమ్మదిగా తిప్పండి. లాట్ నంబరు, యూనిట్లు నోట్‌బుక్‌లో రాయండి. వచ్చే నెల సీసా ఇదే బలంతో రాకపోవచ్చు.

ఇక తూకం. సహజమైనదే కదా అని పొడిని మాస్కు లేకుండా తూయకండి. ఎంజైమ్ ధూళికి ఒకసారి ఎలర్జీ పట్టుకుంటే ఆస్తమా దాకా పోతుంది, ఆ తర్వాత చిటికెడు గాలిలోకి లేచినా చాలు.