ముడిపడిన తగవులను ఒక్కచోట విచారించుట

ఒక్క అప్పు మూడు తగవులగుట బోనకల్ రైతులకు వివరించి చెప్పనక్కరలేదు. ఒక సభ్యుడు మిరపపైరునకు సంఘమున అప్పు తీసికొనెననుకొందము. పొరుగువారిద్దరు జామీనుండిరి. కొంత సొమ్ము చెల్లించితిననియు, అది జమ కాలేదనియు అతడనును. బాకీ యంతయు రావలెనని సంఘమనును. చెల్లిన సొమ్మునకు తామెట్లు బాధ్యులమని జామీనుదారులందురు. మూడును ఒక్క రసీదు మీదనే నిలిచియున్నవి. వీనిని ముగ్గురధికారులు వేరువేరుగా విచారించినచో, ఒకరు రసీదు చెల్లుననియు, మరియొకరు చెల్లదనియు తీర్పు చెప్పవచ్చును. అప్పుడు తీరిన అప్పునే జామీనుదారుడు మరల తీర్చవలసివచ్చును.

తెలంగాణమున అమలునందున్న 1964 సంవత్సరపు సహకార సంఘముల చట్టము 61వ సెక్షను ప్రకారము, సంఘవ్యవహారమునకు సంబంధించిన సభ్యుల తగవులు రిజిస్ట్రారు నొద్దకు పోవలెను. జామీనుదారుడు తాను చెల్లించిన సొమ్మును అసలు ఋణస్థుని నుండి కోరుటయు అట్టి తగవే. రిజిస్ట్రారు తానే విచారింపవచ్చును, లేదా మధ్యవర్తికి అప్పగింపవచ్చును. కావున నోటీసు అందినవెంటనే, ఈ తగవులన్నిటిని ఒకే అధికారి ఒకే వాయిదాన వినవలసినదని వ్రాతమూలకముగా కోరవలెను. రసీదు నకలు ప్రతి దానిలోను దాఖలు చేయవలెను. ఎవరెంత చెల్లింపవలెనో తీర్పులో విడివిడిగా వ్రాయుమని అడుగవలెను. జామీను సంతకము పెట్టుటలో మనవారికున్న ఉదారత కాగితము చదువుటలో లేదు. ఇది మా ఫిర్యాదు.

అయితే కలుపుటకు హద్దు కలదు. విశాఖపట్టణము దగ్గరి గంగవరం రేవు పనులను గూర్చి స్పెయిను దేశపు డ్యూరో ఫెల్గెరా కంపెనీతో వచ్చిన తగవులో, ఒడంబడికలు ఆరు. ప్రతి దానిలోను మధ్యవర్తిత్వపు షరతు వేరుగా నుండెను. అన్నిటికి కలిపి ఒక్క విచారణ కావలెనని రేవు కంపెనీ కోరగా, 2017లో సుప్రీంకోర్టు ఒప్పుకొనలేదు. విచారణలు వేరుగానే జరుగవలెననియు, తీర్పులు ఒకదానితో నొకటి పొసగుటకై మధ్యవర్తులు మాత్రము వారే యుండవచ్చుననియు చెప్పెను. ఇది మంచి మధ్యేమార్గమని మా అభిప్రాయము.

పంట కొని సొమ్మియ్యని వ్యాపారి సంఘసభ్యుడు కానియెడల, అతనిని సంఘపు విచారణలోనికి లాగలేము. అతనితోడి తగవునకు 1987 చట్టము క్రింది లోక్ అదాలత్తు దారి కలదు. అచ్చట ఇరుపక్షములు ఒప్పుకొన్ననే పరిష్కారము. అవార్డు సివిలు కోర్టు డిక్రీతో సమానము. దానిపై అప్పీలు లేదు. కావున సంతకమునకు ముందే, సంఘపు బాకీ యెంత మిగిలినదో కార్యదర్శిచే లెక్క వ్రాయించుకొని పోవలెను. వ్యాపారి చెల్లించు వాయిదాలు సంఘపు గడువునకు ముందే పడునట్లు అడుగుటకు ఆ కాగితమే ఆధారము.