బరువు పెరిగిన బరి – జార్జ్ సెయింట్ పియర్ పునరాగమనం

మహాభారతంలో జరాసంధుడు తన ఎదుట నిలిచిన కృష్ణుని, అర్జునుని, భీముని చూచి, వారిలో భీమునే తనకు సరిజోడుగా ఎన్నుకొని మల్లయుద్ధానికి దిగాడు. సమానబలులే పోరాడవలెనన్న ఆ ప్రాచీన న్యాయమే నేటి క్రీడారంగంలో బరువు తరగతుల నియమంగా స్థిరపడింది. ఆ నియమం గీచిన గీతను కోరి దాటి, నాలుగేండ్ల విరామం తరువాత తనకంటె బరువైనవారి తరగతిలో ప్రవేశించి గెలిచిన ఒక కెనడా దేశపు యోధుని చరిత్ర ఈ వ్యాసానికి విషయం. ఆ గెలుపుతోపాటు దానికి అతని శరీరం చెల్లించిన మూల్యం కూడా విద్యార్థులు తెలిసికొనదగినది.

ముష్టిఘాతాలు, కాలిదెబ్బలు, కుస్తీపట్లు, జూడో, బ్రెజిల్ దేశపు జుజుత్సు మొదలైన విద్యలు కలిసిన పోరాటక్రీడను మిశ్రమ యుద్ధకళలు అంటారు. యు.ఎఫ్.సి. సంస్థ తన మొదటి పోటీని 1993 నవంబరులో అమెరికాలోని డెన్వర్ నగరంలో నిర్వహించినప్పుడు బరువు తరగతులే లేవు. రాయిస్ గ్రేసీ అనే బక్కపలుచని బ్రెజిల్ యువకుడు తనకంటె భారీకాయులను పట్లతో లొంగదీసి విజేత అయ్యాడు. అయితే అందరూ నైపుణ్యం నేర్చిన తరువాత కండబలం మళ్ళీ తన విలువను చూపసాగింది. 1997లో రెండు తరగతులు ఏర్పడ్డాయి; క్రమంగా వాటి సంఖ్య పెరిగింది. నేడు పురుషులలో వెల్టర్ వెయిట్ హద్దు 170 పౌండ్లు, అనగా సుమారు 77 కిలోలు. దానికి పైమెట్టయిన మిడిల్ వెయిట్ హద్దు 185 పౌండ్లు, అనగా సుమారు 84 కిలోలు.

ఈ నియమంలోనే ఒక ప్రమాదం కూడ దాగి ఉన్నది. సాధారణంగా తూకం పోటీకి ముందునాడు జరుగుతుంది. అందుచేత చాలమంది యోధులు చెమటపట్టించి, నీరు మానివేసి, శరీరాన్ని ఎండగట్టి తక్కువ బరువు చూపి, మరునాటికి మళ్ళీ పుంజుకొంటారు. 2015 డిసెంబరులో మనీలా నగరంలో పోటీకి వచ్చిన యాంగ్ జియన్ బింగ్ అనే చైనా యువయోధుడు ఇట్లు బరువు తగ్గించుకొనే ప్రయత్నంలోనే ప్రాణాలు కోల్పోయాడు. కాబట్టి 84 కిలోల తరగతిలో తూగినవాడు బరిలోకి దిగేనాటికి అంతకంటె ఎంతో బరువుగా ఉండవచ్చు. కిందితరగతినుండి వచ్చినవాడు ఎదుర్కొనవలసినది ఆ అదనపు బరువును.

జార్జ్ సెయింట్ పియర్ 1981లో కెనడాలోని క్విబెక్ రాష్ట్రంలో జన్మించాడు. బడిలో పెద్ద పిల్లల వేధింపులకు గురియై, ఏడవ ఏటనే కరాటే అభ్యాసం మొదలుపెట్టాడు. యౌవనంలో చెత్త ఎత్తే పని చేసి సాధన సాగించాడు. 2006లో వెల్టర్ వెయిట్ బిరుదు గెలిచి, 2007లో కోల్పోయి, 2008లో తిరిగి సంపాదించి, ఆపైన వరుసగా తొమ్మిది పర్యాయాలు దానిని నిలుపుకొన్నాడు. 2013 చివర మానసికమైన అలసట వలన బిరుదును వదలి విశ్రాంతి తీసుకొన్నాడు.

2017 నవంబరు 4వ తేదీన, తన 36వ ఏట, న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో మిడిల్ వెయిట్ విజేత మైకేల్ బిస్పింగ్‌తో తలపడ్డాడు. ఆ ఆంగ్లేయుడు అతనికంటె పొడగరి, ఆ తరగతిలో చిరకాలం పోరాడినవాడు. మొదటి రౌండు సెయింట్ పియర్ చక్కగా ఆడాడు. రెండవ రౌండులో వేగం కొంత తగ్గింది. శరీరం పెరిగితే దానికి ప్రాణవాయువు అందించే శ్రమ కూడ పెరుగుతుంది గదా! మూడవ రౌండులో కింద పడియున్న బిస్పింగ్ మోచేతి దెబ్బలకు అతని ముఖం రక్తసిక్తమైంది. అయినను కొలది సేపటికే ఎడమచేతి దెబ్బతో బిస్పింగ్‌ను పడగొట్టి, వెనుకనుండి మెడను బిగించి, అతడు స్పృహ తప్పేవరకు పట్టు విడువలేదు. రెండు తరగతులలో యు.ఎఫ్.సి. బిరుదు పొందినవారిలో అతడు నాల్గవవాడు.

తరగతి మారి గెలిచినవారు మనలోను ఉన్నారు. శ్రీకాకుళం జిల్లాలో పెరిగిన కరణం మల్లీశ్వరి 1994, 1995లలో 54 కిలోల తరగతిలో ప్రపంచ విజేతగా నిలిచి, 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల తరగతిలో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్య పతకం సాధించారు. ఆమె ముందున్నవి ఇనుపచక్రాలు. సెయింట్ పియర్ ముందున్నది ఎదురుదెబ్బ తీసే మనిషి. కాని ఇద్దరికీ శరీరాన్ని కొత్త కొలతకు సిద్ధం చేసుకొనే శ్రమ మాత్రం తప్పలేదు.

సెయింట్ పియర్‌కు ఆ శ్రమ కష్టసాధ్యమైంది. బరువు పెంచడానికి ఆకలి లేకున్నను తినవలసి వచ్చినదనీ, కడుపు బాధపడినదనీ అతడే చెప్పాడు. పోటీ ముగిసిన పిమ్మట అల్సరేటివ్ కొలైటిస్ అనే వ్యాధి బయటపడింది. పెద్దపేగు లోపలిపొర వాచి పుండ్లుపడే జబ్బు ఇది. అతిగా తినుటయే దీనికి కారణమని వైద్యశాస్త్రం చెప్పదు. శరీర రక్షణవ్యవస్థ తన పేగుపైననే తిరగబడడం ఇందులో ముఖ్యమని భావిస్తారు. ఏమైనను, ఆ పేగుతో ఆ బరువును నిలుపుకొనడం దుస్సాధ్యం. 2017 డిసెంబరు 7వ తేదీన, గెలిచి అయిదు వారాలైనా గడవకముందే, తక్కిన యోధులను నిరీక్షింపజేయరాదని అతడు బిరుదును వదలుకొన్నాడు. ఆ తరువాత మళ్ళీ బరిలోకి దిగలేదు. 2019 ఫిబ్రవరిలో విరమణ ప్రకటించాడు.

ఏండ్ల తరబడి శ్రమతో నిలిపిన ఖ్యాతిని పణంగా పెట్టి పైమెట్టు ఎక్కడం సాహసం. అందిన పదవిని ఇంకొకరికి అడ్డుకాకుండ నెలరోజులకే దించిపెట్టడం అంతకంటె అరుదైన గుణం. పులిని చూచి నక్క వాతపెట్టుకొన్న సామెత మనకు తెలిసినదే. సెయింట్ పియర్ అట్లు వాతపెట్టుకొన్నవాడు కాడు. కొత్త బరువుకు తగిన సాధన చేసి, గెలిచి, శరీరం ఇక వద్దన్నప్పుడు ఆ మాట విన్నవాడు. పరీక్షలు గాని, పదవులు గాని, ఎక్కువ బరువును కోరుకొనే ప్రతి విద్యార్థి రెండు ప్రశ్నలు వేసికొనవలెను: దీనిని మోయుటకు తగిన సాధన నాకున్నదా? మోయలేని నాడు దించుటకు తగిన ధైర్యమున్నదా? మొదటిదానికి వ్యాయామశాలలోను, తరగతిగదిలోను శిక్షణ లభిస్తుంది. రెండవదానిని ఎవరికి వారే అలవరచుకొనవలెను.