★ గుర్తు నంబరు 9733

మన గోడపత్రికలో కథకూ కథకూ నడుమ మూడు చుక్కలు పెట్టడం, శీర్షిక పక్కన ఒక చుక్క గీయడం అలవాటే. చేత్తో గీసినప్పుడు ఎట్లా గీసినా చుక్క చుక్కే. కంప్యూటరు సంగతి వేరు. దానికి ఆకారం తెలీదు, నంబరే తెలుసు. నిండుగా ఉండే ★ నంబరు 9733, డొల్లగా ఉండే ☆ నంబరు 9734. ఫోనులో పసుపురంగులో కనిపించే ⭐ నంబరు 11088. కీబోర్డులో 8 అంకె మీట మీదుండే * నంబరు 42. మన కంటికి నాలుగూ నక్షత్రాలే, యంత్రానికి మాత్రం నాలుగు వేరువేరు గుర్తులు.

ఈ నంబర్ల పట్టికే యూనికోడ్. కేజీఎఫ్ వాళ్ళకు ఇది సులభంగానే అర్థమవుతుంది. రాబర్ట్‌సన్‌పేట బజారులో నాలుగంగళ్ళు దాటేలోపు తమిళం, తెలుగు, కన్నడం మూడూ వినిపిస్తాయి కదా, పట్టికలోనూ ఈ మూడూ ఇరుగుపొరుగే. తమిళానికి 2944 నుంచి 3071, తెలుగుకు 3072 నుంచి 3199, కన్నడానికి 3200 నుంచి 3327. ఒక్కో ఇంటికి 128 గదులు. మన ‘క’ 3093. దానికి 128 కలిపితే 3221, అది కన్నడ ‘క’. రెండు లిపుల్లోనూ ‘ర’ దాదాపు ఒకే తీరుగా ఉంటుంది. ‘చివర’ అనే మాటలో కన్నడ ‘ర’ పడితే చదివేవాళ్ళకు తెలీనే తెలీదు. ఆ మాట కోసం వెతికితే మాత్రం దొరకదు.

అలంకారపు చుక్కకూ ఇట్లాంటి కథే ఉంది. జర్మన్ అక్షరశిల్పి హెర్మన్ జాఫ్ గీసిన గుర్తులతో 1978లో ‘జాఫ్ డింగ్‌బాట్స్’ అనే ఫాంటు వచ్చింది. అందులో ★ గుర్తు ఇంగ్లీషు పెద్ద ‘హెచ్’ స్థానంలో కూర్చోనుండింది. ఫాంటు మారిస్తే చుక్క పోయి ‘హెచ్’ బయటపడేది. పాత డీటీపీ తెలుగు ఫాంట్లదీ ఇదే పద్ధతి, ఇంగ్లీషు నంబరు మీద తెలుగు ముసుగు. అందుకే ఆ ఫైళ్ళు ఇంకో కంప్యూటరులో తెరిస్తే పిచ్చిగీతలు వస్తాయి.

తర్వాత యూనికోడ్ వాళ్ళు జాఫ్ గుర్తులను అదే వరుసలో పట్టికలోకి ఎక్కించారు. అయితే ★ గుర్తుకు వేరేచోట 9733 ఉంది కాబట్టి ఈ వరుసలో దాని చోటు, అంటే 10024, ఖాళీగా మిగిలింది. 2010లో ఆ ఖాళీలోకి ✨ వచ్చి చేరింది. ఇప్పుడు ఏఐ యాపుల మీటల మీద మెరిసేది ఆ గుర్తే!

వాడకం కష్టమేమీ కాదు. వర్డ్‌లో ఆల్ట్ మీట నొక్కిపట్టి, పక్కనున్న అంకెల మీటలతో 9733 కొడితే ★ పడుతుంది. ఒక్క జాగ్రత్త: ఇంగ్లీషు ఎస్సెమ్మెస్‌కు 160 అక్షరాల హద్దుంది. అందులో ఒక్క ★ పెడితే హద్దు 70కి పడిపోతుంది. తెలుగు సందేశానికి ఎట్లాగూ 70 అక్షరాలే.

మనం ఎక్కువ జాగ్రత్తపడాల్సింది భాషాశాస్త్రం నోట్సులో. మనకు ‘చెవి’, కన్నడంలో ‘కివి’. కోలారు పిల్లలకు రెండూ ఇంటిమాటలే. ఈ రెంటికీ మూలరూపం చూపేటప్పుడు భద్రిరాజు కృష్ణమూర్తిగారి వంటి పండితులు మాట ముందు * పెడతారు: *కెవి. అంటే ఆ రూపం ఏ శాసనంలోనూ, ఏ గ్రంథంలోనూ కనిపించలేదు, సోదర భాషలను పోల్చి ఊహించింది అని. ఆ చుక్క రాలిపోతే ఊహ కాస్తా సాక్ష్యమైపోతుంది. అందంగా ఉందని దాని బదులు ★ పెడితే, పరీక్షలో వచ్చే ముఖ్యమైన ప్రశ్న కాబోలనుకుంటారు. వాట్సాప్‌లో ఇరువైపులా * పెట్టినా ఇబ్బందే. రెండు చుక్కలూ మాయమై మాట లావుగా మారుతుంది. కాబట్టి నోట్సు పంపేటప్పుడు * ముందొకటే పెట్టండి. ★ శీర్షికలకు ఉంచుకోండి.