రాక్షసుల పట్టికలో ఒక గడి

అమ్మలూ,

గ్రీకు పురాణాల్లోని రాక్షసుల పేర్లు, వాళ్ల ఆకారాలు, ఎవరి చేతిలో ఎవరు చచ్చారో పట్టిక వేసి పంపావు. శ్రద్ధగా వేశావు, సంతోషం. అయితే అందులో ఒక గడి తక్కువైంది. ఆ రాక్షసుడు ఎవరి బిడ్డ? ఎందుకు పుట్టాడు? నన్నడిగితే కథలో అసలు సంగతి అక్కడే ఉంటుంది.

మినోటార్‌నే చూడు. ఎద్దు తల, మనిషి ఒళ్లు, చంపినవాడు థీసియస్ అని రాసి వదిలేశావు. వాడి పుట్టుక కథ ఇది. రాజ్యం తనకే చెందాలన్నది దేవుళ్ల సంకల్పమని నిరూపించడానికి, సముద్రంలోంచి ఒక ఎద్దును పంపమని క్రీటు రాజు మినోస్ సముద్రదేవుడు పొసైడాన్‌ను వేడుకున్నాడు. దాన్ని తిరిగి నీకే బలిస్తానని మొక్కుకున్నాడు. తీరా ఎద్దు వచ్చాక, దాని అందం చూసి చంపడానికి మనసొప్పలేదు. దాన్ని మందలో కలిపేసుకుని మరో ఎద్దును బలిచ్చాడు. దేవుడు ఆగ్రహించి, రాణి పాసిఫే ఆ ఎద్దు మీదే మోహపడేలా చేశాడు. మినోటార్ అలా పుట్టాడు. వాడికి ఆస్టేరియస్ అని పేరు కూడా ఉంది. మొక్కు ఎగ్గొట్టింది రాజు. దారి తెలియని చీకటి కట్టడంలో బందీ అయ్యింది ఆ బిడ్డ. వాడికి ఆహారమైంది ఏథెన్స్ నుంచి కప్పంగా పంపిన ఏడుగురు అబ్బాయిలు, ఏడుగురు అమ్మాయిలు. ఆ మినోసే చనిపోయాక పాతాళంలో మృతుల మధ్య తీర్పులు చెబుతూ కూర్చున్నాడంటాడు హోమర్. ఇది చదివినప్పుడల్లా నాకు కడుపు మండుతుంది.

ఇక హైడ్రా, కైమీరా, సెర్బెరస్ తోబుట్టువులు; ముగ్గురూ టైఫాన్, ఎకిడ్నాల సంతానం. నీ పట్టికలో ఒక్క దిద్దుబాటు: సెర్బెరస్‌ను హెరాక్లిస్ చంపలేదు, పైకి తెచ్చి చూపించి తిరిగి పాతాళానికే చేర్చాడు.

మెడూసా దగ్గర మాత్రం జాగ్రత్త. క్రీ.పూ. 700 ప్రాంతంలో హెసియడ్ చెప్పిన కథలో ఆమె ముగ్గురు గోర్గాన్ అక్కచెల్లెళ్లలో ఒకతె. ముగ్గురిలో చావు రాసిపెట్టి ఉన్నది ఆమెకే. సముద్రదేవుడు గుడిలో ఆమెను బలాత్కరించాడనీ, శిక్ష మాత్రం ఆమెకే పడి జుట్టు పాములైందనీ చెప్పింది దాదాపు 700 ఏళ్ల తర్వాతి రోమన్ కవి ఓవిడ్. నీ పట్టికలో రెండూ కలిసిపోయాయి. ఏ మాట ఎవరిదో పక్కన రాసుకో.

కోర్ఫు ద్వీపంలో క్రీ.పూ. 580 ప్రాంతపు ఆర్టెమిస్ గుడి ముంగిటి మెడూసా శిల్పం ఫొటో వెతికి చూడు. మిటకరించిన గుడ్లు, బయటపెట్టిన నాలుక, నడుముకు ముడేసుకున్న రెండు పాములు, పరుగు తీస్తున్నట్టు వంచిన మోకాళ్లు. ఆమె తల తెగినప్పుడు పుట్టిన పెగసస్, క్రిసేయార్ అప్పటికే చెరో పక్కనా ఉంటారు. మన ఇళ్ల ముందు దిష్టిబొమ్మలా, చెడును తరిమే ముఖమది. జనం భయపడ్డ ముఖాన్నే గుడికి కాపలా పెట్టారు.

ఇక ఒంటికన్ను పాలిఫిమస్. ఒడిస్యూస్ మనుషుల్ని పూటకిద్దరు చొప్పున ఆరుగురిని తిన్నాడు. దాన్ని వెనకేసుకురాను. కానీ ఒడిస్యూస్ చేతిలో కన్ను పోయాక వాడు గుహ వాకిట కూర్చుని, బయటికి పోయే గొర్రెల వీపులు తడుముతుంటాడు. రోజూ అందరికన్నా ముందు నడిచే పెద్ద పొట్టేలు ఆ రోజు ఆఖరున వస్తుంది. యజమాని కన్ను పోయిందని దుఃఖిస్తున్నావా అని దాన్ని అడుగుతాడు. ఒడిస్యూస్ దాని పొట్ట కిందే వేలాడుతున్నాడని వాడికి తెలియదు. మరో సంగతి, జున్ను తీసుకుని వెళ్లిపోదామని తోటివాళ్లు ముందే బతిమాలారు. గుహ యజమాని ఏమిస్తాడో చూద్దామని ఆగింది ఒడిస్యూసే.

ఈ ఘట్టం ఒడిస్సీ తొమ్మిదో సర్గలో ఉంది. సంక్షిప్త కథల పుస్తకం పక్కనపెట్టి, పూర్తి అనువాదం తెచ్చుకుని ఆ ఒక్క సర్గ చదువు. తర్వాత ఆ గడి గీసి, పాలిఫిమస్ ఎదుట ఏం రాస్తావో నాకు ఉత్తరం రాయి.

ఇట్లు,
తాతయ్య