నల్లమల అంచున పొడవు బొచ్చు పిల్లులు: ప్రశ్నలు - జవాబులు

ప్రశ్న: వేసవిలో ఎండ 43 డిగ్రీలు దాటే చోట పర్షియన్ పిల్లిని పెంచవచ్చా? ఎండాకాలానికి ముందు దాని బొచ్చు పూర్తిగా గొరిగించడం మంచిదేనా? (దిగువ అహోబిలం)

జవాబు: పెంచవచ్చు. అయితే ఎండ మాట వచ్చినప్పుడు అందరూ బొచ్చునే తప్పుపడతారు గాని, అసలు ఇబ్బంది ముక్కుది. పిల్లికి పాదాల అడుగున ఉండే మెత్తల్లో తప్ప ఒంటికి చెమట పట్టదు కాబట్టి, అది ఒళ్లంతా నాకి ఆ తడి ఆరేటప్పుడు కలిగే చల్లదనంతోను, ముక్కులోని తడిపొరల మీదుగా సాగే గాలితోను వేడిని వదిలించుకుంటుంది. పర్షియన్ జాతిలో పుర్రె ముందుభాగం కురచబడి ముక్కు లోపలికి నొక్కుకుపోవడం వల్ల (పశువైద్యులు దీనిని బ్రాకీసెఫాలీ అంటారు) ఆ గాలిదారి ఇరుకవుతుంది. కన్నీటి నాళం కూడా వంకరపోయి, కళ్ల నుంచి నీరు కారి ముక్కు పక్కన గోధుమరంగు చారలు కడతాయి. అమ్మకందారులు చెప్పే డాల్ ఫేస్, సెమీ పంచ్, పంచ్ ఫేస్ అనే రకాలు ఈ నొక్కుడు ఎంత ఉన్నదన్న దానిని బట్టి ఏర్పడినవే. పంచ్ ఫేస్‌కు ధర ఎక్కువ, బాధా దానికే ఎక్కువ. రాయలసీమ ఎండలకు ముక్కు కాస్తయినా బయటికి కనిపించే డాల్ ఫేస్ రకమే తగినది.

గొరిగించడం వల్ల మేలు కన్నా కీడే ఎక్కువ. పైనున్న పొడవాటి వెంట్రుకలు ఎండను చర్మం దాకా రానివ్వవు. వేడిని పట్టి ఉంచేది వాటి కింద ఒత్తుగా పెరిగే మెత్తని నూగు. రోజూ స్టీలు దువ్వెనతో ఆ ఊడిన నూగును తీసివేస్తే చాలు. చంకలు, చెవుల వెనుక, పొట్ట, తొడల లోపలి వైపు ముందుగా అట్టకడతాయి గనుక దువ్వడం అక్కడి నుంచే మొదలుపెట్టాలి. విడదీయలేని అట్టలను మాత్రం కత్తెరతో కాక, చర్మం తెగకుండా క్లిప్పర్‌తో తీయించాలి. మధ్యాహ్నం వేళ మిద్దె మీదికి పోనీయకుండా కడప బండలు పరచిన కింది గదిలో ఉంచి, రెండు మూడు చోట్ల నీళ్లు పెడితే పిల్లి తనకు కావలసిన చల్లని చోటు తానే చూసుకుంటుంది. కుక్క నోరు తెరిచి రొప్పడం మామూలే గాని, పిల్లి అలా రొప్పితే అది వడదెబ్బకు గుర్తు; వెంటనే పాదాలను, పొట్టను మామూలు నీటితో తడిపి, ఆలస్యం చేయకుండా వైద్యుని దగ్గరికి తీసుకుపోవాలి.

ప్రశ్న: నాటుపిల్లి పెట్టిన నాలుగు కూనల్లో ఒకదానికి మాత్రమే బొచ్చు పొడవుగా ఉంది. అది జాతిపిల్లి అనుకోవచ్చా? (ఆళ్లగడ్డ)

జవాబు: అనుకోకూడదు. వెంట్రుక ఎంత పెరిగాక ఆగాలో నిర్ణయించే జన్యువు ఎఫ్‌జీఎఫ్5. దానిలో మార్పు వచ్చినప్పుడు ఆగమనే సూచన అందక వెంట్రుక ఇంకా పెరుగుతుందని 2007లో వెలువడిన పరిశోధనలు తేల్చాయి. ఈ గుణం అంతర్గతమైనది, అంటే తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చొప్పున రెండు మారిన ప్రతులు అందితేనే బయటపడుతుంది. ఒక్కొక్క మారిన ప్రతిని దాచుకున్న రెండు పొట్టి బొచ్చు పిల్లులు జతకడితే, పుట్టే ప్రతి కూనకూ పొడవు బొచ్చు వచ్చే అవకాశం నాలుగో వంతు. కాబట్టి ఆ కూన మంచి నాటుపిల్లే. నొక్కుడు ముక్కు లేని ఇటువంటి కూన దొరికిన ఇంటివారు డబ్బు పోసి వేరే పిల్లిని కొనవలసిన పనే లేదు.

ప్రశ్న: పర్షియన్ కాక వేరే పొడవు బొచ్చు జాతులు ఏవి? కొనేముందు ఏమి చూడాలి? (నంద్యాల)

జవాబు: టర్కిష్ అంగోరా సన్నని ఒళ్లు, చురుకైన నడవడి గలది, దానికి లోపలి నూగు తక్కువ కాబట్టి దువ్వే పనీ తక్కువే. అమెరికా ఈశాన్య భాగంలోని మెయిన్ రాష్ట్రానికి చెందిన మెయిన్ కూన్‌లో మగవి 8 కిలోల దాకా తూగుతాయి. మంచు పడే చోట రూపుదిద్దుకున్న ఆ ఒత్తు బొచ్చుతో దానిని నంద్యాల వేసవికి తేవడం వివేకం కాదు. హిమాలయన్ అనేది పర్షియన్, సయామీ జాతులను కలిపి పుట్టించినది. చల్లగా ఉండే చెవులు, ముఖం, కాళ్లు, తోక నల్లబడి, వెచ్చని ఒళ్లు లేతగా మిగలడం దాని విశేషం.

చూడవలసినది ముందుగా మూత్రపిండాలను. పర్షియన్, దాని నుంచి వచ్చిన జాతుల్లో పీకేడీ అనే వంశపారంపర్య వ్యాధి ఉంది. మూత్రపిండాల్లో నీటితిత్తులు పుట్టి, ఏళ్ల తరబడి పెరిగి, చివరికి ఆ అవయవం పని మానేస్తుంది. ఇది బహిర్గత గుణం కావడంతో తల్లిదండ్రులలో ఒకదానికి ఉన్నా సగం కూనలకు సంక్రమించవచ్చు. అందుచేత కూన అందం కన్నా దాని తల్లిదండ్రుల జన్యుపరీక్ష కాగితాలు అడిగి చూడడం మేలు. మెయిన్ కూన్‌లో గుండె కండరం మందమయ్యే వ్యాధి విషయంలోనూ ఇటువంటి పరీక్ష ఉంది.

ప్రశ్న: ఇటువంటి పిల్లిని బయట తిరగనివ్వవచ్చా? (ఎగువ అహోబిలం)

జవాబు: వద్దు. ఉత్తరేణి గింజలు, పల్లేరు ముళ్లు పొడవు బొచ్చులో చిక్కుకుంటే ఒక్క సాయంత్రానికే పొట్ట కింద అట్టకడుతుంది; చిరుతలు, ఊరకుక్కల సంగతి చెప్పనక్కరలేదు. నవ నారసింహ క్షేత్రాలు నెలకొన్న ఈ నల్లమలలోనే తుప్పురంగు మచ్చల చిన్న అడవిపిల్లి బతుకుతుంది. పెరిగినా కిలోన్నరకు మించడం అరుదైన ఆ జీవికి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో రక్షణ ఉంది. పెంపుడు పిల్లులు అడవిలో పడితే రోగాలు అంటించడమే కాక దానితో జతకట్టే ప్రమాదమూ లేకపోలేదు. కాబట్టి రేబిస్, పాన్‌ల్యూకోపీనియా (తెల్ల రక్తకణాలను హరించే వైరస్ వ్యాధి) టీకాలు వేయించి, అయిదారు నెలల వయసులో కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించి, ఇంటి పట్టునే పెంచాలి.