మందు కల్లు – ఐదో శీలం



సారా, బ్రాందీ ముట్టం, కల్లే కదా అంటున్నారా? చెట్టు కల్లయినా ఐదో శీలానికి అడ్డమే. మన వనపర్తి దిక్కు ‘మందు కల్లు’ ఇంకా ప్రమాదం. అందులో కలిపే డైజోఫాం, అల్ప్రాజోలం ఆందోళన తగ్గడానికి డాక్టర్లు రాసే మత్తుమందులు. రోజూ తాగితే ఒళ్లు వాటికి బానిసవుతుంది. 2015 సెప్టెంబరులో ఉమ్మడి పాలమూరు జిల్లాలో కల్తీ కల్లు ఆగిపోతే, తాగేవాళ్లు చేతులు వణుకుతూ, మతి తప్పినట్టు మాట్లాడుతూ ఆస్పత్రుల పాలయ్యారు.

అందుకే ఇంట్లో అలవాటున్నవాళ్లను ఒక్కపారే మాన్పించకండి. ఫిట్స్ వచ్చి ప్రాణమే పోవచ్చు. తిట్టకుండా ప్రభుత్వ ఆస్పత్రికి తోలుకపొండి. డాక్టర్లు మందుతో మెల్లమెల్లగా మాన్పిస్తారు.

శీలమంటే ఎరుకతో బతకడం. మనవాళ్లను బతికించుకోవడం కూడా.